ముప్ఫై ఒకటో నంబరు విగ్గుల కొట్టు

పొద్దున్న ఎనిమిదింటికి టీ గ్లాసు చేతికి రాగానే మేస్త్రి ఒక అంకె చెప్పేవాడు. పంచదార చాల్లేదనో, నిద్ర పట్టలేదనో కాదు. "ముప్ఫై ఒకటి" అనేవాడు. అనేసి, ఊదుకుంటూ టీ తాగేవాడు. ఆ అంకె వినగానే ఆయన కూతురు అమ్మడికి తన గ్లాసులో టీ చేదెక్కేది.

సంగతేమిటంటే, మేస్త్రి విగ్గులు చేసినవాడు. నాటకాలవాళ్లకీ, జబ్బుచేసి లేచినవాళ్లకీ, బట్టతల బయటపెట్టుకుంటే పరువు పోతుందనుకునే పెద్దమనుషులకీ ముప్ఫై ఏళ్లపాటు నెత్తి కప్పి పంపినవాడు. ఆరేళ్ల కిందట ఆయనకి చూపు పూర్తిగా పోయింది. అప్పట్నించీ కొట్టు అమ్మడిది. ముందు గదిలో అమ్మడు చెక్కతలకి సన్నటి వలలాంటి నెట్టు బిగించి, సూదిలాంటి కొక్కెంతో వెంట్రుక తర్వాత వెంట్రుక లాగి ముడి వేస్తూంటుంది. వెనక గదిలో మేస్త్రి మేకుల దువ్వెన ముందు కూర్చుని జుట్టు కట్టలు చిక్కుతీస్తూంటాడు. వెంట్రుకని రెండు వేళ్ల మధ్య జార్చి, వేరు ఎటో కొన ఎటో చెప్పేస్తాడు. ఆ పనికి కళ్లక్కర్లేదు. పిడికెడు జుట్టు తలకిందులుగా కలిసినా చాలు, నెల తిరక్కుండా విగ్గంతా పిచ్చుకగూడైపోతుంది. అందుకే మేస్త్రికి ప్రపంచంలో ఒకటే పాపం తెలుసు, వేర్లూ కొనలూ కలిపెయ్యడం. మిగతావన్నీ పొరపాట్లు.

కళ్లున్న రోజుల్లో అమ్మడు చేసిన పని చూసి ఆయన ఏనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. కత్తెర తీసి, నచ్చని ముడులు కత్తిరించి, నెట్టు వెనక్కి ఇచ్చేవాడు. కళ్లు పోయాక ఒకసారి అమ్మడు తెగించి, తయారైన విగ్గు ఆయన చేతుల్లో పెట్టబోయింది. నిప్పు తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"విగ్గు చేతికి కాదమ్మా, కంటికి. చేత్తో తడిమి బాగుందంటే అది దొంగ సర్టిఫికెట్టు."

దాంతో ఆ ముచ్చటా తీరింది. ఆరేళ్లు, తొంభై పైచిలుకు విగ్గులు, ఒక్క మాట లేదు.

ఇంకో విశేషం, మేస్త్రి నెత్తిమీద గడ్డిపోచ మొలిచి ముప్ఫై ఏళ్లయింది. ఊరందరికీ జుట్టు పెట్టినవాడు తను మాత్రం గుడ్డటోపీ పెట్టుకుని తిరుగుతాడు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "నా తలకి తగ్గ మేస్త్రి దొరికిననాడు చూద్దాంలే" అంటాడు. అది హాస్యమో పొగరో ఎవరూ తేల్చుకోలేకపోయారు.

తెర మీద ఉన్నది చదివి వినిపించే ఫోను ఆయనకి కొనిచ్చింది అమ్మడే. అందులో పలికే గొంతుని ఆయన 'ఫోనావిడ' అంటాడు. "ఫోనావిడకి చార్జింగు పెట్టావా?" "ఫోనావిడకి ఇవాళ గొంతు బొంగురుపోయిందేం?" ఇలా సాగుతుంది సంసారం. తెల్లారగానే చెవిలో తీగ పెట్టుకుని, "మన ఊళ్లో విగ్గులు" అని ఫోనులో అడుగుతాడు. ఫోనావిడ కొట్ల పేర్లు వరసగా మొదలుపెడుతుంది. వేలితో ఒక తోపు తోస్తే ఒక పేరు. మేస్త్రి వేళ్లమీద లెక్కపెట్టుకుంటాడు. కుక్కలకి జుట్టు కత్తిరించేవాళ్లు, బొమ్మల ఫ్యాక్టరీ, తివాచీలు ఉతికేవాళ్లు, మూడేళ్ల కిందట కాలం చేసిన ఇంకో విగ్గులాయన, అందరూ అయ్యాక ముప్ఫై ఒకటో నంబరు వీళ్ల కొట్టు, అమ్మడు ఫొటోలతో పెట్టిన పేజీ.

"చచ్చిపోయినాయన ఏడో నంబరు, బతికున్న నేను ముప్ఫై ఒకటా" అని అమ్మడు చెక్కతలకి చెప్పుకుని ఏడ్చేది. కళ్లుండగా కత్తెర పట్టాడు, కళ్లు పోయాక అంకె పట్టాడు, ఈయనకి నన్ను దెప్పకపోతే తెల్లారదు అనుకునేది. ఎంత దెప్పుతాడో అంత పట్టుదల పెరిగింది. ఒక్కనాడు ఈయన నోట "ఒకటి" అనిపించాలి. అనిపిస్తే, ఆ వెనకే "ఫరవాలేదే అమ్మడూ, బాగా చేస్తున్నావు" అన్న మాట కూడా రాకుండా ఎక్కడికి పోతుంది? ముప్ఫై ఆరేళ్ల మనిషికి ఇది చిన్నపిల్ల కోరికలా కనిపించవచ్చు. కనిపిస్తే కనిపించనివ్వండి, ఆమెకి కావలసింది అదే.

అందుకని బావని పిలిచింది.

బావ మేనమామ కొడుకు. వెబ్‌సైట్లని సెర్చ్‌లో పైకి లేపడం అతని వృత్తి. చుట్టాలందరూ ర్యాంకుల బావ అంటారు. చదువులో మటుకు ఎప్పుడూ ర్యాంకు రాలేదు. వచ్చీ రాగానే కస్టమర్ల కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నెత్తిమీద మధ్యలో అరచేతంత మేర వెన్నెల కాస్తోంది. పక్క జుట్టుని అడ్డంగా దువ్వి దాన్ని దాచాడు.

"ఒకటో నంబరేనా నీకు కావలసింది? అదెంతసేపు మరదలా. రెండు దార్లున్నాయి. ఒకటి మంచి దారి. విగ్గు కావలసినవాళ్లకి ఏం సందేహాలొస్తాయో వాటికి జవాబులు రాస్తావు. ఫొటోల్లో ఏముందో వివరం రాస్తావు. జనం చదువుతారు, నచ్చితే పదిమందికి చెప్తారు. మెల్లిగా పైకొస్తావు. ఏడాది పట్టొచ్చు."

"రెండోది?"

"నా దారి. పది రోజులు."

నా దారి అంటే ఏమిటో ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో, విగ్గుకి సంబంధించిన మాటలూ సంబంధం లేని మాటలూ వందలకొద్దీ రాస్తాడు. మనిషి కంటికి ఖాళీ పేజీ. వెతికే మిషను మాత్రం అవన్నీ చదువుకుని, ఆహా ఎంత విగ్గు ఎంత విగ్గు అనుకుని పైన కూర్చోబెడుతుంది. ఆపైన ఎక్కడెక్కడి వెబ్‌సైట్లనుంచో ఈ కొట్టుకి లింకులు వేయిస్తాడు. పంపు రిపేర్ల పేజీనుంచి ఒకటి, జాతకాల పేజీనుంచి ఇంకొకటి.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే" అంది అమ్మడు.

"ముళ్లు వెయ్యడం మీ వంశానికి కొత్తా? అన్నట్టు, మెచ్చుకుంటూ ఓ నలభై అభిప్రాయాలు కూడా నేనే రాసి పడేస్తాను."

"మోసం కదా బావా?"

"నువ్వు అమ్మేది దొంగజుట్టు, నేను రాసేది దొంగమాట. ఇందులో ఎవరు ఎవర్ని అనాలి? వెంట్రుక కట్టి కొండని లాగుదాం. వస్తే కొండ, పోతే వెంట్రుక."

"మా కొట్లో వెంట్రుక పోయినా మా నాన్న ఊరుకోడు" అంది అమ్మడు. అంది గానీ, వద్దు అనలేదు. కథంతా ఆ అనకపోవడంలో ఉంది. ఫీజు కింద బావకి ఒక విగ్గు ఇవ్వాలని ఒప్పందం కుదిరింది. ఎవరికీ తెలియకూడదని అతను మూడుసార్లు ఒట్టు వేయించుకున్నాడు.

మూడోరోజు పొద్దున్న మేస్త్రి టీ గ్లాసు అందుకుని, "ఇరవై రెండు" అన్నాడు. అమ్మడు పాలగిన్నె కింద పెట్టేసింది. అయిదోరోజు, "పదకొండు." పదకొండుకి అమ్మడు చెక్కతలలన్నిటికీ దుమ్ము దులిపి ముద్దుపెట్టినంత పని చేసింది. ఏడోరోజు, "నాలుగు." కాలం చేసిన విగ్గులాయన్ని దాటేశారు. ఆయన ఆత్మకి శాంతి కలుగుగాక అనుకుంది, సంతోషంగానే.

ఫోనైతే మోగుతూనే ఉంది. మొదటి పిలుపు ఒక పెద్దాయనది.

"అమ్మా, మా బాత్రూము గొట్టంలో జుట్టు అడ్డం పడింది. ఎప్పుడొస్తారు?"

ఆయనకి సర్దిచెప్పేలోపు, గుర్రానికి తోక పలచబడిందని ఇంకొకావిడ. సోఫా నిండా పిల్లి వెంట్రుకలని మరొకరు. మీరు మొలిపించే నూనె సీసా ఎంత అని ఎనిమిదిమంది. ఈత నేర్పే కోచ్ ఒకాయన స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఈ కొట్టు విగ్గు పెట్టుకుని ఎవరో ఈత పోటీలో మొదటి బహుమతి కొట్టారట, ఊడలేదట, అలాంటివి ఒక అరడజను కావాలట. అది బావ రాసిన అభిప్రాయం. అమ్మడు నవ్వాలో ఏడవాలో తెలియక, ఆయనకి టీ ఇచ్చి పంపింది. వారంలో వందమంది పలకరించారు, విగ్గు కావాలన్న నరమానవుడు ఒక్కడు లేడు. కొక్కెం పట్టుకునే తీరికైనా లేక, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పని కానిస్తోంది. ఒక టీచరుగారి విగ్గు రెండు నెలలుగా ఆమె చేతిలో ఉంది. నుదుటి అంచున ఒక్కో వెంట్రుకే వెయ్యాలి. కుడి కణత దగ్గరికి వచ్చేసరికి గుర్రపుతోక ఆవిడ మళ్లీ ఫోను చేసింది. ఆ హడావిడిలో అమ్మడు ఒక పదిహేను ముడులు రెండేసి వెంట్రుకలతో కానిచ్చేసింది. చూసుకుంది కూడా. తర్వాత సరిచేద్దాంలే అనుకుంది.

అయినా సరే, ఆమెకి ఒళ్లు తేలిపోతోంది. మేస్త్రి "రెండు" అన్న రోజున ఆమె టీలో పంచదార వెయ్యడం మర్చిపోయి, తియ్యగా ఉందనుకుంటూ తాగేసింది.

"ఇంకొక్క మెట్టు" అని సాయంత్రం బావ ఫోను చేశాడు. "ఫొటోలు ఖాళీగా ఉన్నాయి. ఒక్కో ఫొటోకి వెనకాల మాటలు తగిలించే చోటుంటుంది. అక్కడ కూడా దట్టిస్తాను. రేపు పొద్దున్నకి ఒకటి రాకపోతే నా నెత్తిన ఉన్నవి కూడా పీకేసుకుంటాను."

మర్నాడు పొద్దున్న బావ ముందుగానే దిగబడ్డాడు. తన విగ్గు చివరి కొలతకని టీచరుగారు కూడా వచ్చారు. లెక్కల టీచరు. జబ్బుచేసి మందులకి జుట్టంతా పోయింది. స్కూల్లో ఎవరికీ చెప్పకుండా, తలకి స్కార్ఫు చుట్టుకుని సెలవులన్నీ నెట్టుకొస్తున్నారు. మాట మహా చురుకు. అమ్మడు ఆవిడ తలమీద విగ్గు సర్దుతోంది, బావ అద్దం ముందు ఫీజు కింద అరలోంచి తీసుకున్న విగ్గుకి పాపిడి ఎటు ఉంటే బాగుంటుందో చూసుకుంటున్నాడు.

ఎనిమిదయింది. వెనక గదిలోంచి టీ కోసం కేక రాలేదు. దానికి బదులు మేస్త్రే వచ్చాడు. గోడ పట్టుకుని, టోపీ పక్కకి జారి, చెప్పులు లేకుండా వచ్చాడు. ఆ మొహం అలా వెలగడం అమ్మడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఒకటి" అన్నాడు.

అమ్మడు ఆ వెనక వచ్చే మాట కోసం చెవులు రిక్కించింది. అయితే ఆయన ఆ మాటని చిల్లరలా పారేసి, ఆపైకి వెళ్లిపోయాడు.

"అది సరేలే. అమ్మడూ, ఇవాళ బొమ్మలకి మాటలొచ్చాయే. రోజూ 'చిత్రం' అని ఊరుకునేది ఫోనావిడ. ఇవాళ చిత్రం అని ఆగలేదు, ఏదో చెప్పబోయింది. నేనే ఆపేశాను. ఒక్కణ్ణీ వినడమేమిటి, నీ దగ్గరే విందామని. ఎవరెవరున్నారిక్కడ? అందరూ వినండి, మా అమ్మాయి చేసిన విగ్గులు."

చెవిలో తీగ పీకేసి, ఫోను ఎత్తి పట్టుకున్నాడు. అద్దం ముందు బావ చేతులు నెత్తిమీదే ఉండిపోయాయి.

"చిత్రం" అంది ఫోనావిడ, గది మారుమోగేలా. "విగ్గు, మంచి విగ్గు, చవక విగ్గు, బట్టతల విగ్గు, విగ్గు కొట్టు, విగ్గు కొట్లు, మన ఊళ్లో విగ్గు, విగ్గు, విగ్గు."

మేస్త్రి వేలితో తోశాడు.

"చిత్రం. విగ్గు, మంచి విగ్గు, చవక విగ్గు."

ఇంకోసారి తోశాడు. మూడో బొమ్మ, నాలుగో బొమ్మ, అదే వరస. ఆయన మొహంలో వెలుగు ఒక్కో బొమ్మకీ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. అమ్మడికి అది చూడటం కంటే ఆ ముప్ఫై ఒకటే నయమనిపించింది. ఆపుదామని ఫోను అందుకోబోయింది. ఆ గుంజులాటలో వేలు ఎక్కడ తగిలిందో, ఫోనావిడ పేజీ అడుక్కి జారి, తెల్లమీద తెల్లగా ఉన్నదాన్ని ఎత్తుకుంది. కళ్లున్న ముగ్గురికీ తెరమీద ఏమీ కనపడటం లేదు. కళ్లులేని మనిషికి మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినపడుతోంది.

"విగ్గు గుర్రం తోక జుట్టు మొలిపించే నూనె కుక్క వెంట్రుకలు గొట్టంలో జుట్టు విగ్గు విగ్గు చవక విగ్గు." దాని తర్వాత అభిప్రాయాలు. "ఈ విగ్గు పెట్టుకున్నాక మా ఆవిడ నన్ను గుర్తుపట్టక తలుపు తియ్యలేదు. అయిదు నక్షత్రాలు." టీచరుగారు విగ్గులోంచి పకపకా నవ్వారు. బావ కూడా కాస్త నవ్వబోయాడు. అప్పుడు ఫోనావిడ అంది, "నేను లెక్కల టీచర్ని. జబ్బుచేసి జుట్టంతా పోయింది. ఈ విగ్గు వచ్చాక స్కూల్లో ఎవరూ కనిపెట్టలేదు. అయిదు నక్షత్రాలు."

నవ్వు ఆగిపోయింది. బావ ఆర్డర్ల పుస్తకం తిరగేసిన సంగతి అమ్మడికి అప్పుడు తెలిసింది.

"విగ్గు ఇంకా నా ఇంటికే రాలేదు, నక్షత్రాలు ఎలా ఇచ్చానబ్బా" అన్నారు టీచరుగారు. ఆ తర్వాత పాలిపోయిన బావ మొహం చూసి, గొంతు తగ్గించి, "మా స్కూల్లో లెక్కల టీచర్ని నేనొక్కదాన్నే నాయనా. సెలవుల్లో ఎందుకున్నానో పిల్లలకి నేను చెప్పలేదు. నువ్వు చెప్పేశావు" అన్నారు.

బావ మెల్లిగా విగ్గు తీసి చెక్కతల మీద పెట్టేశాడు. నేలకేసి చూస్తూ, "తప్పయిపోయిందండీ, ఇప్పుడే తీసేస్తాను" అన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచే తొందరలో దాని మూత రెండుసార్లు వేలిమీద వేసుకున్నాడు.

మేస్త్రి గోడకానుకుని నిలబడ్డాడు. తిట్టలేదు.

"వేర్లూ కొనలూ కలిపేశావమ్మా" అన్నాడు.

ఆ ఇంట్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. అమ్మడికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మరి రోజూ ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి అని నా ప్రాణం తీసిందెవరు? టీ తాగనిచ్చావా ఒక్కరోజైనా?"

"నేనేం తీశాను?" మేస్త్రి నిజంగానే తెల్లబోయాడు. "రెండేళ్లయింది నువ్వా ఫొటోలు పెట్టి. వాటి దగ్గరికి వెళ్లాలంటే ముప్ఫై కొట్లు దాటాలి. చూపులేనివాణ్ణి, గుమ్మాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తాను. చేరానని చెప్పేవాణ్ణి. నువ్వు ముప్ఫై ఒకటో గుమ్మంలో ఉంటే అందులో నీకొచ్చిన చిన్నతనమేమిటి?"

అమ్మడు లోపల్లోపలే లెక్క వేసుకుంది. రెండేళ్లు తాగిన చేదంతా దేనికి తాగినట్టు?

"చేరి ఏం చేసేవాడివి?"

"పన్నెండు బొమ్మలూ తోసి చూసేవాణ్ణి. చిత్రం, చిత్రం, చిత్రం అనేది. ఏదో ఒక రోజు ఇంకేమైనా అంటుందేమోనని."

"నన్నడిగితే నేను చెప్పనా నాన్నా?"

"నువ్వు నా ముందు నిలబడి చెప్తే భయపడుతూ చెప్తావు. లేకపోతే మెచ్చుకోవాలని చెప్తావు. ఊరికోసం రాసుకుంటే నిజం రాస్తావనుకున్నాను."

ఎవరిదో గొట్టం ఇంకా తెరుచుకోలేదు కాబోలు, ఫోను మోగుతూనే ఉంది.

ఆ సాయంత్రానికల్లా తెల్ల అక్షరాలు పోయాయి, నలభై అభిప్రాయాలూ పోయాయి, పంపు రిపేర్లతోనూ జాతకాలతోనూ ఉన్న బాంధవ్యం తెగిపోయింది. బావే స్వయంగా పీకాడు. అయితే సెర్చ్ వాళ్లకి అప్పటికే ఉప్పందింది. మీ పేజీలో దాచిన రాతలున్నాయి కాబట్టి మిమ్మల్ని పక్కన పెడుతున్నాం అని ఒక చీటీ వచ్చింది. పొద్దున్న మేస్త్రి చాలాసేపు తోసి తోసి, వేలు నొప్పెట్టి, "లేదు" అన్నాడు. రెండొందల కొట్లలో లేదు. బట్టతల నయంచేసే మంత్రాల పేజీ ఉంది గానీ వీళ్లు లేరు.

"ఇంకో పేరు పెట్టేద్దాం మరదలా, రాత్రికి రాత్రి..." అని బావ మొదలుపెట్టాడు. అమ్మడు కత్తెర అందుకుంది. "మంచి దారే, మంచి దారే" అని బావ కుర్చీ వెనక్కి జరిగాడు.

మంచి దారి రాయడం ముడి వెయ్యడం కన్నా కష్టమని అమ్మడికి అప్పుడు తెలిసింది. మొదటి బొమ్మకి, 'చూపరుల మనసు దోచే అపురూప కళాఖండం' అని రాసింది. టీచరుగారు చదివి ఎర్రపెన్ను అడిగారు.

"దోచిందో లేదో చూపరులు చెప్పుకుంటారు. ఎంత పొడుగుంది, ఏ రంగుంది, పాపిడి ఎటుంది? చూడనివాళ్లకి కావలసింది అది. లెక్క చేసి చూపించు, జవాబు మాత్రం చెప్తే మార్కులు రావు."

బొమ్మకి పది తప్పుల చొప్పున దిద్దించి, పన్నెండూ రాయించారు. మేస్త్రి పాత కస్టమర్లు ఏమేం అడిగేవాళ్లో గుర్తు తెచ్చుకుని చెప్తూంటే ఆ ప్రశ్నలకి జవాబులు రాశారు. విగ్గు కింద చెమట పడితే ఏం చెయ్యాలి, గాలికి లేవకుండా ఏం చెయ్యాలి, చిన్నపిల్లలు అడిగితే ఏం చెప్పాలి. ఈతకి పనికిరాదు అని కూడా రాశారు. గొట్టాలు శుభ్రం చెయ్యబడవు అని బావ చేర్చాడు. ఏదో ఒకటి చెయ్యకపోతే అతనికి తోచదు. టీచరుగారు తన ఫొటో వెనకనుంచీ పక్కనుంచీ తీసి పెట్టుకోమన్నారు. "స్కూలుకి వెళ్లి నేనే చెప్పేశాను. మీకంటే ముందు నా నోటితో చెప్తే బాగుంటుందని. ఒక పిల్లాడు లేచి, అయితే టీచర్, పాత జుట్టులాగే ఇదీ కోపమొస్తే లేస్తుందా అన్నాడు."

తన ఫొటో మాత్రం పెట్టడానికి వీల్లేదని బావ రెండు రోజులు బిగుసుకు కూర్చుని, మూడోరోజు తనే ఫోను చేశాడు. "పెట్టుకో. అందగాడు అని రాయి."

"అబద్ధాలు రాయకూడదనుకున్నాం కదా బావా."

మూడు వారాలపాటు పొద్దున్న టీకి "లేదు" అనే వినపడింది. ఒకరోజు, "నూట అరవై" అన్నాడు మేస్త్రి. తర్వాత "తొంభై." అమ్మడు ఇప్పుడు ఆ అంకెని, నాన్న ఎంత దూరం నడిచొచ్చాడో చెప్తున్నట్టు వింటోంది. టీ టీలాగే ఉంటోంది. "నలభై నాలుగు" వచ్చిన రోజున మేస్త్రి గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చి, కస్టమర్ల కుర్చీలో కూర్చున్నాడు. చెవిలో తీగ తీసేశాడు.

"నలభై నాలుగు గుమ్మాలకి కాళ్లు పీకాయి. ఇక్కడ కూర్చుని వింటాను."

ఒక్కో బొమ్మా విన్నాడు. అమ్మడు కొక్కెం పట్టుకుని కూర్చుంది గానీ ఒక్క ముడీ పడలేదు. ఏడో బొమ్మ వచ్చింది.

"చిత్రం" అంది ఫోనావిడ. "నడివయసు ఆవిడకి చేసిన విగ్గు, వెనకనుంచీ పక్కనుంచీ. మెడ దాకా జుట్టు. నలుపులో పదింటికి రెండు తెల్ల వెంట్రుకలు కలిపాం. పాపిడి ఎడమవైపు. నుదుటి అంచున ఒక్కో వెంట్రుకే వేశాం. కుడి కణత దగ్గర తొందరపడి రెండేసి వేశాం. దగ్గరగా చూస్తే అక్కడ కొంచెం మందంగా కనిపిస్తుంది. ఫొటో తీశాక విప్పి మళ్లీ వేశాం."

మేస్త్రి ఫోను ఆపాడు.

"కుడి కణతా?"

"అవును నాన్నా."

"ఎన్ని ముడులు?"

"పదిహేను."

మేస్త్రి టీ అడుగున మిగిలినది తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"నేనైతే నలభై వేసేవాణ్ణి, పని ఒత్తిడిలో. వేసి ఎవరికీ చెప్పలేదు. నీ ముడులు కత్తిరించిన రోజుల్లోనే." ఫోను జేబులో వేసుకున్నాడు. "ఆ తెల్ల వెంట్రుకలు పదింటికి రెండు వేశావు చూడూ, నాకు కనిపించింది అది. ఆవిడ అలాగే ఉంటుంది."

ఆయన రెండు చేతులూ ఎత్తి, నెత్తిమీది గుడ్డటోపీ తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు. నున్నటి తల, కిటికీ ఎండ పడి నిగనిగలాడుతోంది.

"టేపు తీసుకురా" అన్నాడు.

అమ్మడు లేచి టేపు తెచ్చి, ఆ తలకి ఎక్కడ మొదలుపెట్టాలో చూస్తోంది.

"కొలువమ్మా, ఎంతసేపు? నుదురు దగ్గర ఒక్కోటే వెయ్యి. సగానికి సగం తెలుపు కలుపు. నడినెత్తిన బాగా పల్చగా ఉండాలి, ఈ వయసులో నిండుగా ఉంటే అబద్ధంలా ఉంటుంది."